రాత నేర్పే విద్య - మూడో పాఠం: ఏది పట్టుకోవాలి, ఏది వదలాలి

పోయిన పాఠంలో ఒక పని ఇచ్చాను. ఆరో తరగతి పిల్లలతో నిజమైన అవసరం మీద ఒక ఉత్తరం రాయించి, మీకు కనబడ్డ లోపాలన్నీ ఒక కాగితం మీద ఎక్కించమన్నాను. దస్తూరీ, దీర్ఘాలు, ఒత్తులు, పేరాలు లేకపోవడం, చుక్క పెట్టకపోవడం, యాస, చెప్పిందే చెప్పడం... కాగితం రెండో పక్కకు కూడా వెళ్లి ఉంటుంది. ఆ జాబితాను లక్ష్యాలుగా మార్చడం ఈ పాఠం పని. మార్చడమంటే ముందు కొట్టేయడమే.

మనం సాధారణంగా కొట్టేయం. మొత్తాన్ని వార్షిక ప్రణాళికలో పెట్టి, పైన ‘విద్యార్థులు లేఖారచనలో నైపుణ్యం సాధిస్తారు’ అని ఒక వాక్యం తగిలిస్తాం. నేనూ ఏళ్ల తరబడి అదే రాశాను. తనిఖీకి వచ్చినవాళ్లు ఒక్కరూ తప్పు పట్టలేదు. పట్టడానికి అందులో ఏముందని!

ఇప్పుడు ఒక ఉత్తరం చూడండి. మా దగ్గరి పిల్లలు రాసే తీరులోనే మీకోసం కూర్చాను.

“సర్పంచ్ గారికి, మా బడి కాడ బోరింగు కరాబైంది. నీళ్లు లేవు. మేము ఇంటికాడికెళ్లి బాటిల్ తెచ్చుకుంటున్నం. మద్యానం అన్నం తిన్నంక మా చెల్లె నీళ్లు లేక ఏడ్సింది. మీరు బాగు చేపియ్యాలె.”

ఎర్ర పెన్ను తీయకండి. ముందు మీరే ఆ సర్పంచ్ అనుకోండి. ఊళ్లో ప్రాథమిక పాఠశాల ఉంది, ఉన్నత పాఠశాల ఉంది. ఏ బడి? బోరింగు ఎప్పటి నుంచి పనిచేయట్లేదు? రాసింది ఎవరు? ఈ మూడూ ఉత్తరంలో లేవు. ఇలాంటి ఉత్తరాలకు ‘మద్యానం’ చుట్టూ, ‘కాడ’ చుట్టూ, ‘కరాబు’ చుట్టూ నేను ఎర్ర సున్నాలు చుట్టిన రోజులున్నాయి. లేనిదాని చుట్టూ సున్నా చుట్టలేం కదా, అందుకే అసలు లోపం ఎప్పుడూ తప్పించుకుపోయేది. పిల్లవాడు అన్నీ దిద్దుకుని, ముత్యాల్లాంటి అక్షరాలతో తిరగరాసి తెచ్చినా ఆ బోరింగు బాగయ్యేది కాదు.

జాబితాలో ప్రతి లోపానికీ వేయాల్సిన మొదటి ప్రశ్న ఇక్కడే దొరుకుతుంది: ఇది సరిచేయకపోతే ఈ కాగితం వెళ్లిన చోట పని ఆగుతుందా? ఆగితే ఉంచండి. లేకపోతే ప్రస్తుతానికి పక్కన పెట్టండి.

అంటే అక్షరదోషాలు వదిలేయమనా? కాదు. వాటిలోనూ తేడాలున్నాయి. ‘పండగకు మామయ్య వచ్చాడు’లో సున్న పోతే ‘పడగకు మామయ్య వచ్చాడు’ అవుతుంది. మామయ్య కాస్తా నాగుపామయ్యాడు. దీర్ఘం పోతే ‘పూట’ ‘పుట’ అవుతుంది. ఈ రెండూ ఆరో తరగతిలో వదలడానికి వీల్లేదు. ‘మధ్యాహ్నం’లో ధ వత్తు, హ పోయి ‘మద్యానం’ అయితే ఎవరికీ ఏ అనుమానమూ రాదు, కాబట్టి అవి తర్వాత చూసుకోవచ్చు. శ, ష, సల తేడా చదవగా చదవగా చాలావరకు దానంతటదే కుదురుకుంటుంది. ల, ళల దగ్గర మాత్రం నాకే తడబాటు. చాలాచోట్ల హాని లేదు, కానీ ఒకమ్మాయి ‘మా తాతకు కల్లు సరిగా లేవు’ అని రాసింది. కళ్లు అనుకోవాలా, కల్లు అనుకోవాలా? అలాంటి పదాలు నాలుగైదు విడిగా చెప్పి ముందుకెళ్తాను.

యాస సంగతి కొంచెం ఆగి చూడాలి. ‘కాడ’, ‘కరాబు’, ‘చేపియ్యాలె’ నా లెక్కలో తప్పులు కావు. ఆ సర్పంచ్ ఇంట్లో మాట్లాడే మాటలే అవి. సెప్టెంబర్ 9న కాళోజీ ఫొటోకు దండ వేసి, తెలంగాణ భాషా దినోత్సవం జరిపి, బడిపలుకుల కన్నా పలుకుబడులే మిన్న అని ఉపన్యాసమిస్తాం. 10వ తేదీన అదే యాస మీద ఎర్ర పెన్ను పెడతాం. పిల్లవాడికి దీన్ని ఏమని చెప్తాం? ఎవరికి రాస్తే ఏ మాట వాడాలో ఎంచుకోవడం కూడా నేర్పాల్సిందే, కానీ అది ఎనిమిది, తొమ్మిది తరగతుల లక్ష్యం. రాయడానికి ఇప్పుడిప్పుడే ధైర్యం చేస్తున్న వాడి నోటి మాటను ఆరో తరగతిలోనే లాక్కుంటే, వాడు రెండు వాక్యాలకు మించి రాయడు.

ఇక టైము. తరగతిలో 34 మంది ఉంటే, ఒక్కొక్కరి కాగితం మీద 4 నిమిషాలు పెట్టినా 136 నిమిషాలు. 45 నిమిషాల పీరియడ్లు మూడు అక్కడికే సరి. 4 నిమిషాల్లో ఒక పిల్లవాడితో ఎన్ని సంగతులు మాట్లాడగలరు? నా అనుభవంలో రెండు. అందుకే ఒక విడతకు రెండే లక్ష్యాలు. మూడోది పెట్టిన ప్రతిసారీ మొదటిది జారిపోయింది.

పాఠ్యపుస్తకంలో ‘వ్యక్తీకరణ-సృజనాత్మకత’ కింద ఉన్నవన్నీ ఎప్పుడు చేయించాలని అడుగుతారు. చేయించండి. చేయించడం వేరు, దిద్దడం వేరు. 2022లో తెలంగాణ ప్రభుత్వం ప్రాథమిక తరగతులకు తొలిమెట్టు అనే కార్యక్రమం తెచ్చినప్పుడు కూడా చదవడం, రాయడం, లెక్కలు అనే మూడింటి దగ్గరే గీత గీశారు. మనం గీస్తే ఏమవుతుంది?

మిగిలిన దాన్ని లక్ష్యంగా రాసేటప్పుడు చూసి చెప్పగలిగేలా రాయండి. మా ఆరో తరగతికి మొదటి విడతలో నేను రాసుకున్నది ఇదీ: ‘ముక్కూ మొహం తెలియని మనిషి చదివినా ఎవరు రాశారు, ఏం కావాలి, ఎక్కడ, ఎప్పటి నుంచి అన్నది మళ్లీ అడగక్కర్లేకుండా ఎనిమిది వాక్యాల ఉత్తరం రాస్తారు. సున్న, దీర్ఘం రాసినవాళ్లే సరిచూసుకుంటారు.’ సాధించామో లేదో తేల్చడానికి పరీక్ష అక్కర్లేదు. ఉత్తరాన్ని పక్క సెక్షన్ పిల్లవాడికిచ్చి చదివించి, ఏం అర్థమైందో చెప్పమంటే చాలు.

ఈ వారం మీ పని: జాబితాలో రెండు మాత్రమే ఉంచి మిగతావి కొట్టేయండి. కొట్టేసిన ప్రతిదాని పక్కన అది ఏ తరగతికి, ఏ విడతకు వెళ్తుందో రాయండి. ఎక్కడికీ వెళ్లనివి కొన్ని మిగులుతాయి. నా కాగితం మీద మిగిలింది దస్తూరీ. దాన్ని ఏం చేయాలో నాలుగో పాఠంలో చూద్దాం, మీ కాగితం దగ్గర పెట్టుకోండి.