ఘాటు మిరపతో సాస్‌లు, నిల్వలు: 3వ పాఠం – ఉప్పునీటిలో పులియబెట్టడం

పోయిన పాఠంలో హబనేరో అనే ఘాటు మిరపకాయలు తొడిమలు తీసి, చీల్చి పెట్టుకున్నాం. కారమంతా గింజల్లోనే ఉందనుకునేవారు ఇంకా ఉన్నారు. అసలు కారం గింజలు అంటుకుని ఉండే తెల్లటి పొరలో ఉంటుంది. గింజలకు అంటేది దాని కారమే. ఈ కాయ, కారాన్ని కొలిచే స్కోవిల్ కొలతలో 1,00,000 నుంచి 3,50,000 దాకా పలుకుతుంది కాబట్టి చేతి తొడుగులు ఈరోజు కూడా తీయకండి.

ఖాళీ సీసాను త్రాసు మీద పెట్టి సున్నా చేయండి. కాయలు వేసి, మునిగేదాకా నీళ్లు పోసి తూచండి. మొత్తం 1000 గ్రాములుంటే ఉప్పు 30 గ్రాములు. చెంచా లెక్క వద్దు. చెంచాడు కల్లుప్పు, చెంచాడు మెత్తని ఉప్పు ఒకే బరువు తూగవు.

ఇక అసలు సంగతి: ఒక్క ముక్క కూడా నీటిపైకి తేలకూడదు. తేలిన ముక్కకే బూజు పడుతుంది. చిన్న గాజు మూత బరువుగా పెడితే సరిపోతుంది. రెండు మూడు రోజులకు నీరు మసకబారి, ముక్కల సందుల్లోంచి సన్నని బుడగలు వరుసగా పైకి వస్తాయి. పని మొదలైందన్నమాట. రోజుకోసారి, ముఖం పక్కకు తిప్పుకుని, మూత వదులు చేసి గాలి వదలండి. నేను ఒకసారి నాలుగు రోజులు మరచిపోయాను. ఆ ఎర్రటి చుక్కలు వంటగది గోడ మీద ఇప్పటికీ ఉన్నాయి.

పైన పలుచని తెల్లటి పొర కడితే భయం లేదు, తీసేయండి. నూగుతో, పచ్చగానో నల్లగానో కనిపిస్తే మాత్రం సీసా మొత్తం పారబోయాలి. పైపైన తీసేసి వాడుకుందామనే పొదుపు ఇక్కడ పనికిరాదు.

రెండు వారాల తరువాత నీరు వంచి పక్కన ఉంచి, ముక్కలను మెత్తగా రుబ్బండి. ఆ నీటినే కొద్దికొద్దిగా కలిపి చిక్కదనం సరిచూసుకుని వడకట్టండి. మిక్సీ మూత తీసేటప్పుడు కిటికీలు తెరిచి ఉండాలి. ఇక సాస్ పులుపును తెలిపే పీహెచ్ చూడండి. పులుపు పెరిగేకొద్దీ ఈ అంకె తగ్గుతుంది. పీహెచ్ 4.6 దాటితే బొటులిజం అనే ప్రాణాంతకమైన ఆహార విషం ముప్పు ఉంటుంది. మనకు 4 కంటే తక్కువ కావాలి. ఎర్రటి సాస్‌లో కాగితపు పట్టీ రంగు సరిగ్గా తెలియదు, మీటరే నయం. ఎక్కువగా ఉంటే వెనిగర్ కలిపి మళ్లీ చూడండి. తరువాత ఫ్రిజ్‌లో పెట్టండి.

వడపోతలో మిగిలిన పిప్పిని పారేయకండి. వచ్చే పాఠంలో దాన్ని ఎండబెట్టి పొడి కొడదాం.