టెన్నిస్‌లో నెట్ దగ్గరికి ఎప్పుడు వెళ్లాలి, ఎలా వెళ్లాలి?

ముందుకు వెళితే పాసింగ్ షాట్‌కు (పక్క నుంచి దాటిపోయే బంతికి) దొరికిపోతామని భయపడి ఆటంతా బేస్‌లైన్ (కోర్టు చివరి గీత) మీదే గడిపేవారు చాలామంది. రాకెట్లకు పాలియెస్టర్ తీగలు వచ్చాక బంతికి స్పిన్ పెరిగింది; నెట్ దగ్గర ఉన్నవారి పాదాల వద్దకు దాన్ని దించడం తేలికైంది. ఆ భయంలో నిజం లేకపోలేదు. కానీ 2023 యూఎస్ ఓపెన్ ఫైనల్‌ను గుర్తుచేసుకోండి. సర్వీసును అందుకోవడానికి జకోవిచ్ ప్రత్యర్థి మెద్వెదెవ్ చాలా వెనక్కి వెళ్లి నిలబడతాడు. జకోవిచ్ సర్వ్ చేసి పదేపదే నెట్ మీదికి వచ్చేశాడు, వరుస సెట్లలో గెలిచాడు. నెట్ దగ్గరికి వెళ్లడం ఇప్పటికీ లాభమే, సరైన బంతి మీద వెళితే.

మొదటి పని ఆ బంతిని గుర్తుపట్టడం. సర్వీస్ లైన్‌కు (నెట్‌కూ బేస్‌లైన్‌కూ మధ్య అడ్డంగా ఉండే గీతకు) అటూ ఇటూగా పడి, నడుము ఎత్తుకు లేచే పొట్టి బంతి అది. బేస్‌లైన్ దగ్గర పడిన బంతిని కొట్టి పరుగు తీస్తే సగం దారిలోనే చిక్కిపోతారు.

రెండోది, దాన్ని ఎటు కొట్టాలన్నది. అసలు పాయింట్ ఇక్కడే తేలిపోతుంది. నెట్ ఎత్తు స్తంభాల దగ్గర 107 సెంటీమీటర్లు, మధ్యలో 91.4 సెంటీమీటర్లు. కాబట్టి క్రాస్‌కోర్ట్ (నెట్ మధ్య మీదుగా, ఐమూలగా) కొట్టడమే క్షేమమనిపిస్తుంది. అలా కొడితే బంతి ఒక మూలకు వెళుతుంది, మీరు ఇంకో వైపు మిగిలిపోతారు. ప్రత్యర్థి ముందు సైడ్‌లైన్ పొడవునా దారి తెరిచి ఉంటుంది. దాన్ని మూయడానికి కోర్టుకు అడ్డంగా పరుగెత్తాలి. అదే సైడ్‌లైన్ వెంట నేరుగా, లోతుగా కొడితే బంతి వెళ్లిన వైపే మీరూ వెళతారు, రెండు మూడు అడుగుల్లో ఆ సందు మూసుకుంటుంది. స్లైస్ చేస్తే (బంతిని కింది వైపు కోస్తున్నట్టు కొడితే) మరీ మంచిది. బంతి పెద్దగా లేవదు, ప్రత్యర్థి దాన్ని కింది నుంచి ఎత్తి కొట్టక తప్పదు.

తర్వాత స్ప్లిట్ స్టెప్. ప్రత్యర్థి రాకెట్ బంతిని తాకబోయే క్షణంలో ఎక్కడున్నా సరే, చిన్నగా ఎగిరి రెండు పాదాల మీద దిగండి. నెట్ దాకా చేరలేదే అని పరుగు కొనసాగించకండి. పరుగులో ఉన్న శరీరం పక్కకు తిరగలేదు.

సర్వీస్ లైన్‌కూ నెట్‌కూ మధ్య 6.40 మీటర్ల దూరం. దాదాపు సగం దగ్గర, బంతి ఉన్న వైపు కాస్త జరిగి నిలబడండి. నెట్‌ను ఆనుకుని నిలబడితే లాబ్ (ఎత్తుగా లేపిన బంతి) తలమీదుగా పోతుంది.

వాలీకి (బంతి నేలను తాకకముందే కొట్టే షాట్‌కు) రాకెట్‌ను వెనక్కి ఊపనక్కర్లేదు; కాంటినెంటల్ గ్రిప్‌తో (సుత్తి పట్టుకున్నట్టు పట్టుకుని) ముందుకు పొట్టిగా నెట్టితే చాలు. బంతి నెట్ కంటే ఎత్తులో దొరికితే ఖాళీ వైపు కొట్టేయండి. కిందికి దిగిపోతే ఆశపడకుండా లోతుగా వెనక్కి పంపి, తర్వాతి వాలీ కోసం సిద్ధంగా ఉండండి.

పదిసార్లు వెళ్లి నాలుగుసార్లు పాయింట్ పోగొట్టుకున్నా ఆరు మీవే. వరుసగా రెండు పాసింగ్ షాట్లు పడగానే వెనక్కి తగ్గిపోకండి. సెట్ అయ్యాక లెక్క చూసుకోండి.