ట్రాయ్‌కి మెయిల్ రాసేటప్పుడు మూస వద్దు

టెలికాం రూల్స్ మార్చాలంటే ట్రాయ్ (టెలికాం నియంత్రణ సంస్థ) ముందు తన వెబ్‌సైట్‌లో కన్సల్టేషన్ పేపర్, అంటే జనం అభిప్రాయాలు అడిగే పత్రం, పెడుతుంది. అది తెరిచి నేరుగా చివరికి వెళ్లండి, ప్రశ్నలన్నీ అక్కడే వరసగా ఉంటాయి. అన్నీ అక్కర్లేదు, మీకు తెలిసిన రెండు మూడింటికి నంబరు వేసి సొంత మాటల్లో జవాబు రాయండి. ఫ్రీ బేసిక్స్ (కొన్ని వెబ్‌సైట్లను మాత్రం డేటా ఖర్చు లేకుండా చూపే ఫేస్‌బుక్ పథకం) గొడవప్పుడు ఫేస్‌బుక్ తన యూజర్లతో లక్షల్లో ఒకే మూస మెయిళ్లు పంపిస్తే, అడిగినదానికి జవాబే లేదని ట్రాయ్ తప్పుపట్టింది. చివరికి 2016 ఫిబ్రవరి 8న, చూసే కంటెంట్‌ని బట్టి డేటా రేటు మార్చకూడదని రూల్ వచ్చింది. అభిప్రాయాల గడువు మామూలుగా నాలుగు వారాలు. తర్వాత కంపెనీలు రాసినవి కూడా అక్కడే పెడతారు, అవి చదివి (కాస్త ఓపిక కావాలి లెండి) ఒప్పుకోని చోట కౌంటర్ కామెంట్, అంటే వాళ్ల మాటకి మీ జవాబు, పంపండి.