చిన్న కంప్యూటర్ బోర్డు ఎంచుకోవడం ఎలా? ముందు పెన్‌డ్రైవ్‌లో ఏముందో చూడండి

టీవీకి తగిలించి వీడియోలు చూడ్డానికే బోర్డు కొంటున్నట్టయితే, ధర కంటే ముందు మీ ఫైళ్ల సంగతి చూడాలి. కంప్యూటర్‌లో వీఎల్‌సీతో ఫైలు తెరిచి, టూల్స్ మెనూలో కోడెక్ ఇన్ఫర్మేషన్ నొక్కండి. కోడెక్ అంటే వీడియోని కుదించే పద్ధతి. పెళ్లి వీడియోలు సాధారణంగా హెచ్.264 కోడెక్, ఫుల్ హెచ్‌డీ. ఫోన్లో తీసిన 4కె వీడియో హెచ్.265 కావచ్చు.

ఈ రెండిటికీ రాస్ప్‌బెర్రీ పై 4 అనే బోర్డు (క్లుప్తంగా ‘పై 4’), 2 జీబీ ర్యామ్‌ది చాలు. 4కె హెచ్.265ని సెకనుకు 60 ఫ్రేముల దాకా దాని చిప్పే విప్పుతుంది. మెమరీ కార్డులో లిబ్రెఎలెక్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కిస్తే, వీడియోలు చూపే ‘కోడి’ యాప్ నేరుగా తెరుచుకుంటుంది. 2023లో వచ్చిన పై 5 చాలా వేగమైనదే, కానీ అందులో హెచ్.264ని విప్పే ప్రత్యేక భాగం (డీకోడర్) లేదు. ఫుల్ హెచ్‌డీని ప్రాసెసరే లాగేస్తుంది కాబట్టి ఇబ్బంది ఉండదు. 3.5 ఎంఎం ఆడియో జాక్ కూడా తీసేశారు. పాత ఆంప్లిఫయర్‌కి కలపాలంటే యూఎస్‌బీ సౌండ్ కార్డు వేరే కొనాలి. పాటలకు మాత్రమే అయితే 512 ఎంబీ ర్యామ్ ఉన్న రాస్ప్‌బెర్రీ పై జీరో 2 డబ్ల్యూ సరిపోతుంది. దానికి మినీ హెచ్‌డీఎంఐ, పై 4, 5లకు మైక్రో హెచ్‌డీఎంఐ. ఈ కేబుల్ మర్చిపోతే బోర్డు వచ్చినా పని మొదలవదు. ఇక ఓటీటీ యాప్‌ల కోసమే అయితే ఇవేవీ వద్దు, టీవీ స్టిక్ కొనుక్కోండి.

ఎక్కువ మంది దెబ్బతినేది పవర్ దగ్గరే. పై 4కి 5 వోల్టులు, 3 ఆంపియర్లు కావాలి. పై 5కి 5 వోల్టుల దగ్గరే 5 ఆంపియర్లు. ఫోన్ చార్జర్ మీద 67 వాట్లని ఉన్నా, ఆ శక్తి ఎక్కువ వోల్టేజీ దగ్గర వచ్చేది, 5 వోల్టుల దగ్గర 3 ఆంపియర్లు దాటకపోవచ్చు. అప్పుడు పై 5 యూఎస్‌బీ పోర్టులన్నిటికీ కలిపి 600 మిల్లీఆంపియర్లే ఇస్తుంది, హార్డ్ డిస్క్ తిరగదు. తెర మూల మెరుపు గుర్తు కనిపిస్తే వోల్టేజీ పడిపోతోందని అర్థం. చార్జర్, కేబుల్ రెండూ మార్చండి.

శ్రీకాకుళం జిల్లాలో గాలివాన వస్తే కరెంటు చెప్పి పోదు. కార్డుకి రాస్తున్న క్షణంలో పోతే ఫైల్ సిస్టమ్ పాడై బోర్డు మళ్లీ లేవకపోవచ్చు. ఇన్వర్టర్ ఉంటే యూపీఎస్ మోడ్‌లో పెట్టండి. రాస్ప్‌బెర్రీ పై ఓఎస్ (ఈ బోర్డుల సొంత ఆపరేటింగ్ సిస్టమ్) వాడేవాళ్లు దాని సెట్టింగుల టూల్ రాస్‌పి-కాన్ఫిగ్‌లోని పెర్ఫార్మెన్స్ ఆప్షన్స్‌కి వెళ్లి ఓవర్‌లే ఫైల్ సిస్టమ్ ఆన్ చేస్తే కార్డు మీద రాతలు ఆగుతాయి. సెట్టింగులన్నీ పూర్తయ్యాకే ఆన్ చేయాలి, లేదంటే మీ మార్పులూ రీబూట్‌తో పోతాయి.

ఎండాకాలం చిప్ 80 డిగ్రీలు దాటితే వేగం తనంతట తగ్గించుకుంటుంది, వీడియో ఆగి ఆగి వస్తుంది. బారువ, కళింగపట్నం లాంటి సముద్రపు ఒడ్డు ఊళ్లలో ఫ్యాన్ ఉప్పు గాలిని లోపలికి లాగుతుంది. అక్కడ పై 4కి ఫ్యాన్ లేని అల్యూమినియం కేసు మేలు. వైఫై కాస్త తగ్గుతుంది, ల్యాన్ వైరు పెట్టుకుంటే సరి.

తోటలో మోటారు, నేల తేమ సెన్సర్ లాంటి పనులకు అసలు ఇంత బోర్డు అక్కర్లేదు. ఈఎస్‌పీ32 అనే చిన్న కంట్రోలర్ బోర్డు చాలు. రాస్ప్‌బెర్రీ పైలో అనలాగ్ ఇన్‌పుట్ (మారుతూ ఉండే వోల్టేజీని చదివే వీలు) లేదు కాబట్టి అనలాగ్ తేమ సెన్సర్‌కి ఎంసీపీ3008 చిప్ అదనంగా పెట్టాలి, ఈఎస్‌పీ32లో ఆ ఇన్‌పుట్ ముందే ఉంది. రెండిటి పిన్నులూ 3.3 వోల్టులవే. నీటి మట్టం చూసే హెచ్‌సీ-ఎస్‌ఆర్04 సెన్సర్‌ని 5 వోల్టులతో నడిపితే, కొలత పంపే దాని ఎకో పిన్ కూడా 5 వోల్టులు పంపుతుంది. ఆ వోల్టేజీ తగ్గించడానికి ఎకో నుంచి 1 కిలోఓమ్ రెసిస్టర్, అక్కడి నుంచి గ్రౌండ్‌కి 2 కిలోఓమ్ పెట్టి, రెండూ కలిసే చోటు నుంచి బోర్డు పిన్‌కి వైరు తీయండి. నేరుగా కలిపితే ఆ పిన్ కాలిపోవచ్చు, ఒక్కోసారి బోర్డే పోతుంది.