మైపాడు దారిలో జట్టు చెదిరిపోతోందా?

సముద్రం వైపు వెళ్తుంటే సగం మంది వెనకబడుతున్నారు

సాయంత్రం నాలుగింటికి మైపాడు బీచికని నెల్లూరులో అందరూ సైకిళ్ళ మీద కలిసే బయల్దేరతారు. ఊరు దాటి పొలాల్లోకి రాగానే ఇద్దరు వెనకబడతారు, రొయ్యల గుంటల దగ్గరికి వచ్చేసరికి వాళ్ళు కనపడరు. వాళ్ళకి దమ్ము లేదనుకోకండి. ఎండకి నేల వేడెక్కాక సముద్రం మీది గాలి ఊరి వైపు కొడుతుంది, మైపాడుకు తూర్పుగా పోయే పాతిక కిలోమీటర్లూ అది మొహానికే తగులుతుంది. ముందు సైకిల్ చాటున దగ్గరగా ఉంటే శ్రమ పావు వంతు దాకా తగ్గుతుంది, ఆ చాటు నుంచి నాలుగు బారలు జారారంటే ఇక ఒంటరిగా గాలితో కుస్తీయే.

జారేది ఎప్పుడో గమనించండి, ముందు మనిషి మారినప్పుడు. కొత్తగా ముందుకొచ్చినవాళ్ళు ఉత్సాహంగా నాలుగు తొక్కులు గట్టిగా తొక్కుతారు, సరిగ్గా అప్పుడే అలిసిపోయి పక్కకి తప్పుకున్న మనిషి వరస చివర అందుకోవాలి, అందుకోలేడు. అందుకని ముందుకొచ్చినవాళ్ళు వేగం పెంచకూడదు, తప్పుకున్నవాళ్ళే నెమ్మదించాలి. రెండు నిమిషాలకోసారి మారండి, నీరసంగా ఉన్నవాళ్ళని ముందుకి రమ్మని పట్టుబట్టకండి. ఎండాకాలంలో తెల్లవారుజామునే బయల్దేరితే ఇంకా మేలు, తిరిగొచ్చేటప్పటికి ఆ గాలే వెనక నుంచి నెడుతుంది.

గాలి పక్క నుంచి తోసేస్తోంది

తీరం వెంబడి పోయే రోడ్ల మీద ఇది మామూలే. ఉత్తరానికి పోతుంటే సముద్రం కుడి చేతి వైపు ఉంటుంది, కాబట్టి ముందు మనిషికి కాస్త ఎడమగా, రోడ్డు అంచు వైపు చాటు దొరుకుతుంది. దక్షిణానికి తిరిగితే అదే చాటు రోడ్డు మధ్యకి వస్తుంది. కృష్ణపట్నం పోర్టు లారీలు తిరిగే చోట చాటు కోసం మధ్యకి పోవద్దు, దయచేసి. నలుగురేసి విడిపోయి ఒకే వరసలో నెమ్మదిగా తొక్కండి, ఓ పది నిమిషాలు ఆలస్యమైతే ఏమైంది.

ట్యూబు మార్చినా మళ్ళీ గాలి పోతోంది

చిల్లకంప ముల్లు. కొత్తపట్నం దగ్గర ఓసారి ఒకే చక్రానికి మూడు ట్యూబులు మార్చాం, ముల్లు మొదలు విరిగిపోయి మొన మాత్రం రబ్బరులో దాక్కుంది, బయట నుంచి నల్లటి చుక్కలా కూడా కనపడలేదు. అప్పటి నుంచి పాత బనీను ముక్క వెంట ఉంచుకుంటున్నాను. టైరు లోపల చుట్టూ దాన్ని తిప్పితే మొన ఉన్న చోట నూలు పట్టుకుంటుంది. బయటికి నెట్టి పీకేశాకే కొత్త ట్యూబు వేయండి. ట్యూబుకి పక్కపక్కన రెండు చిల్లులుంటే అది ముల్లు కాదు, గాలి తక్కువై గుంతలో రిమ్ము నొక్కేసింది.

చైను కరకరమంటోంది

ఉప్పు, ఇసుక, ఆయిలు కలిసి ఆకురాయిలా అరగదీస్తున్నాయి. ఇంటికి రాగానే మంచినీళ్ళతో కడిగి, తుడిచి, ఆరాక లింకుకో చుక్క ఆయిలు వేసి, పైన మిగిలింది గుడ్డతో తుడిచేయండి. డిస్క్ బ్రేకు మీద మాత్రం పడనివ్వకండి.

తలనొప్పి, పిక్కలు పట్టేయడం

తీరంలో ఉక్కకి చెమట ఆరదు, ఒళ్ళు చల్లబడదు. ఉత్త నీళ్ళు చాలవు, లీటరు నీళ్ళలో ఓఆర్ఎస్ ప్యాకెట్ కలిపి కొంచెం కొంచెంగా తాగించండి. మాట తడబడుతుంటే మాత్రం సైకిల్ ఆపించి, నీడలో పడుకోబెట్టి, ఒళ్ళు తడిపి 108కి ఫోన్ చేయండి.

సరుగుడు తోటల్లో చక్రం ఇసుకలో దిగబడుతోంది, మనుషులు తప్పిపోతున్నారు

లావు టైర్లయితే కొంచెం గాలి తీసేయండి, బరువు వెనక్కి వేసి, ముందు బ్రేకు జోలికి పోకుండా తొక్కుతూనే ఉండండి. దారి చీలిన ప్రతి చోటా ముందున్నవాళ్ళు ఆగి, వెనక మనిషి కంటపడ్డాకే కదలాలి. అందరికంటే చివర బాగా తొక్కగలిగినవాళ్ళు పంపు, ట్యూబులతో రావాలి. పెంచలకోన వైపు అయితే అది అభయారణ్యం, అటవీ సిబ్బందిని అడగకుండా లోపలి బాటల్లోకి దిగవద్దు, చీకటి పడకముందే రోడ్డెక్కి తలలు లెక్కపెట్టుకోండి.