చీనీ చెట్టుకు నీళ్లు మొదలు దగ్గర కాదు, నీడ అంచున

అనంతపురం వైపు చీనీ (బత్తాయి) తోటలున్నవాళ్లకు ఒక మాట. మొక్క నాటినప్పుడు మొదలు పక్కన పెట్టిన డ్రిప్పర్లను (పైపు నుంచి చుక్కచుక్కగా నీళ్లు వదిలేవి) చాలామంది ఐదారేళ్లయినా అక్కడే వదిలేస్తారు. నీళ్లు తాగే సన్న వేళ్లు ఈపాటికి కొమ్మల అంచు కిందికి వెళ్లిపోయి ఉంటాయి. పైగా మొదలు ఎప్పుడూ తడిగా ఉంటే బెరడు నుంచి జిగురు కారే బంక తెగులు అదనం. మిట్టమధ్యాహ్నం నీడ ఎక్కడిదాకా పడుతోందో చూసి, ఆ అంచుకు జానెడు లోపలగా పైపు చుట్టూ తిప్పి నాలుగు డ్రిప్పర్లు పెట్టండి.

తర్వాత వేరుశనగ పొట్టు గానీ వరిగడ్డి గానీ నాలుగు వేళ్ల మందాన పరచండి. మొదలు చుట్టూ అడుగు ఖాళీ వదలాలి. ముందు నేల బాగా తడిపి ఆ తర్వాతే పరచాలి. పొడి నేల మీద వేస్తే చిన్న జల్లు కురిసినా ఆ తడంతా పొట్టే పీల్చేసుకుంటుంది. చెదలున్న చేలో అప్పుడప్పుడూ ఎత్తి చూస్తుండాలి.

పొట్టు కింద డ్రిప్పర్ మూసుకుపోయినా కనపడదు, అదొక్కటే టెన్షన్. గంటకు 8 లీటర్ల డ్రిప్పర్ కింద లీటరు బాటిల్ పెడితే ఏడున్నర నిమిషాల్లో నిండాలి. పది దాటిందంటే ఉప్పో మట్టో పట్టినట్టే.

నేనైతే వారాలు లెక్కపెట్టి మోటారు వేయను. పొట్టు పక్కకు జరిపి, జానెడు లోతు మట్టి తీసి పిడికిట్లో బిగిస్తాను. ఉండ కట్టిందా, ఆ రోజుకు బోరుకు సెలవే.