పాతింట్లో బస, 3వ పాఠం: గది ఎంచుకోవడం, గాలి రప్పించుకోవడం

కిందటి రెండు పాఠాల్లో సముద్రం ఒడ్డున ఉన్న నిజమైన పాత ఇంటికీ, పాత ఇంటిలా ముస్తాబు చేసిన కొత్త హోటల్‌కీ తేడా ఎలా కనిపెట్టాలో చూశాం. బుక్ చేసే ముందు ఇంటివాళ్ళని ఏమేం అడగాలో కూడా చూశాం. ఈసారి గది సంగతి. ఏ గది అడగాలి, తాళం చేతికొచ్చాక మొదటి పావుగంటలో ఏం చూసుకోవాలి, రాత్రి ఉక్కపోతలో పొర్లకుండా గాలిని ఎలా రప్పించుకోవాలి అన్నదే ఈ పాఠం.

ముందు ఇంటి ముఖం చూడండి

చాలామంది గది ఫొటోలు చూసి గది ఎంచుకుంటారు. నేను ముందు ఇంటి బయటి ఫొటో అడుగుతాను. కిటికీల ఎత్తును బట్టి లోపల ఏ అంతస్తులో ఎలాంటి గది ఉందో చాలావరకు తెలిసిపోతుంది.

ఇంగ్లండ్‌లో బ్రైటన్ ఉంది కదా. సముద్రపు నీళ్ళతో జబ్బులు తగ్గుతాయని రిచర్డ్ రస్సెల్ అనే డాక్టరు 1750లో రాశాక, చేపలు పట్టుకు బతికే ఆ ఊరికి డబ్బున్నవాళ్ళ రాక మొదలైంది. 1783లో యువరాజే వచ్చాడు. ఆ తర్వాతి కాలంలో సముద్రం వైపు వరసగా, గోడకి గోడ ఆనించి కట్టిన ఇళ్ళల్లో ఇప్పుడు చాలా గెస్ట్‌హౌస్‌లు నడుస్తున్నాయి. ఆ ఇళ్ళ ముందు నిలబడి తలెత్తి చూడండి. మొదటి అంతస్తు కిటికీలు అన్నిటికన్నా పొడుగ్గా ఉంటాయి. వచ్చినవాళ్ళని కూర్చోబెట్టే పెద్ద హాలు అక్కడే ఉండేది కాబట్టి కప్పు ఎత్తు, బాల్కనీ అన్నీ దానికే. పైకి పోయేకొద్దీ కిటికీలు పొట్టివవుతాయి. చిట్టచివర, వాలు కప్పు కింద ఉన్నవి పనివాళ్ళు పడుకున్న గదులు. వాటిలో నిలబడితే తల తగులుతుంది, కానీ సముద్రం బాగా కనిపిస్తుంది. నడుం నొప్పి లేనివాళ్ళకి, ఒంటరిగా వెళ్ళేవాళ్ళకి ఆ గదే నా మొదటి సలహా.

అన్ని ఊళ్ళకీ ఇదే లెక్క పనిచేయదు. అమెరికాలోని చార్ల్స్‌టన్‌లో పాత ఇళ్ళు ఒక గది వెడల్పే ఉండి, వీధికి అడ్డంగా కాకుండా లోపలికి పొడుగ్గా సాగుతాయి. గాలి తగిలే దక్షిణం వైపో పడమర వైపో పొడవాటి వరండా ఉంటుంది. అక్కడ అంతస్తు కన్నా వరండాలోకి తలుపు ఉన్న గది దొరకడం ముఖ్యం. ఆఫ్రికా తూర్పు తీరాన జాంజిబార్ దీవిలోని పాత పట్టణం స్టోన్ టౌన్‌లో గోడలు పగడపు రాయి, సున్నంతో కట్టినవి. కప్పుకి వేసింది మడచెట్ల కర్ర. ఆ దుంగలు ఎంత పొడుగు దొరికితే గది అంతే వెడల్పు, అంటే ఇంచుమించు 3 మీటర్లు. అలాంటి చోట "పెద్ద గది ఇవ్వండి" అనడం వృథా. పొడవాటి గది కావాలనండి, దొరుకుతుంది.

గోడ మీద చెయ్యి పెట్టండి

ఈ పాఠంలో మీరు ఒక్కటే గుర్తుపెట్టుకోగలిగితే అది ఈ భాగం కావాలని నా కోరిక.

ఒకసారి ఒక పాత ఇంట్లో దిగాను. నాలుగు రోజులుగా చుక్క వాన లేదు. అయినా పొద్దున లేచేసరికి తల వైపు గోడ చెమ్మగా ఉంది, దిండు పక్కన పెట్టుకున్న పుస్తకం అట్ట వంకర తిరిగిపోయింది. పైపు కారుతోందని గొడవపడబోయాను. కారుతున్నది ఏదీ లేదు. గోడలో ఉన్న ఉప్పే ఆ పని చేసింది.

లీటరు సముద్రపు నీటిలో సుమారు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది. అలలు విరిగినప్పుడు లేచే సన్నని తుంపర గాలితో వచ్చి వందల ఏళ్ళుగా ఆ గోడల మీద పడుతోంది. కింద నేలలోంచి ఎక్కే చెమ్మ కూడా కొంత ఉప్పును పైకి తెస్తుంది. గాలిలో తేమ దాదాపు 75 శాతం దాటితే ఉప్పు ఆ గాలిలోంచే నీటిని లాక్కుని కరగడం మొదలుపెడుతుంది. ఎండ కాసి గాలి పొడిబారితే మళ్ళీ గడ్డకడుతుంది. అలా కరుగుతూ గడ్డకడుతూ గోడ పూతను లోపలినుంచి తోస్తూ ఉంటుంది.

పాతకాలం మేస్త్రీలు సున్నం వాడింది ఇందుకు కూడా పనికొచ్చింది. సున్నపు పూత చెమ్మను పీల్చుకుంటుంది, ఆరినప్పుడు బయటికి వదిలేస్తుంది. దాని మీద ఎవరో సిమెంటు పూసి, ప్లాస్టిక్ పెయింట్ వేస్తారు. చెమ్మకి దారి మూసుకుపోతుంది. రంగు బుడగలు బుడగలుగా లేస్తుంది, పెచ్చులు ఊడతాయి. కాబట్టి గదిలోకి వెళ్ళగానే ఇలా చేయండి. కింది అంతస్తు అయితే నేల నుంచి ఒక మీటరు ఎత్తు వరకు గోడను అరచేత్తో తడమండి. చల్లగా ఉంటే భయం లేదు, మందపాటి గోడ చల్లగానే ఉంటుంది. చెయ్యి తడిగా వస్తే ఆలోచించండి. వేలితో రాస్తే తెల్లటి పొడి రావడం వేరు, అది ఉప్పో సున్నమో అయి ఉంటుంది, ఆరే గోడ లక్షణం. బుడగలు లేచిన పెయింట్, మంచం వెనక ముక్కిపోయిన వాసన, అల్మరా వెనక నల్లటి బూజు కనిపిస్తే మాత్రం వెంటనే వెళ్ళి వేరే గది అడగండి. ఉబ్బసం ఉన్నవాళ్ళు ఇందులో మొహమాటపడకూడదు. మంచి గది ఇచ్చినా సరే, మంచాన్నీ సూట్‌కేసునీ బయటి గోడకి జానెడు ఎడంగా జరపండి. వెనక గాలి ఆడాలి.

గాలికి దారి ఇవ్వండి

పగలు నేల తొందరగా వేడెక్కుతుంది, సముద్రం నిదానంగా వేడెక్కుతుంది. నేల మీది వేడిగాలి పైకి లేస్తే ఆ చోటులోకి సముద్రం మీంచి చల్లగాలి వస్తుంది. ఎండ ఎక్కాక మొదలై మధ్యాహ్నం తర్వాత జోరందుకుంటుంది. రాత్రికి నేల ముందు చల్లబడుతుంది కనుక గాలి తిరగబడి ఊరి వైపు నుంచి సముద్రం వైపు వీస్తుంది, కాస్త నెమ్మదిగా. అందుకే రాత్రి సముద్రం వైపు కిటికీ ఒక్కటే తెరిచి పడుకుంటే ఒక్కోసారి ఉక్క పోస్తుంది. వెనక వైపు కిటికీయో, తలుపు మీది వెంటిలేటరో కూడా తెరవాలి. గాలి లోపలికి రావాలంటే బయటికి పోయే దారి ఉండాలి. గది అడిగేటప్పుడు "సముద్రం కనిపిస్తుందా" అన్నదానికన్నా "రెండు వైపులా కిటికీలున్నాయా" అన్నది మంచి ప్రశ్న.

పైకీ కిందకీ జరిగే రెండు పలకల కిటికీ ఉంటే మీ అదృష్టం. చాలామంది కింది పలకను మాత్రమే ఎత్తి వదిలేస్తారు. పై పలకను నాలుగు వేళ్ళ మేర కిందికి దించండి, కింది పలకను అంతే పైకి ఎత్తండి. వేడిగాలి పైనుంచి పోతుంది, చల్లగాలి కిందనుంచి వస్తుంది. కదలకపోతే బలవంతం వద్దు. ఆ చట్రం లోపల తాడుకి వేలాడే బరువులుంటాయి. తాడు పాతదై తెగితే పలక ధబీమని పడుతుంది. వేళ్ళు అంచు కింద పెట్టకుండా, పిడులు పట్టుకునే జరపండి, లేదా ఇంటివాళ్ళని పిలవండి.

వాలు చెక్కల తలుపులున్న కిటికీ అయితే ఎండవేళ ఆ తలుపులు మూసి, లోపలి అద్దాలు తెరిచి ఉంచండి. ఎండ బయటే ఆగుతుంది, గాలి మాత్రం చెక్కల సందుల్లోంచి వస్తుంది. అలాంటి గదిలో మధ్యాహ్నం పడుకుంటే గోడ మీద సన్నటి వెలుగు గీతలు కదులుతుంటాయి. ఆ ఒక్క దృశ్యం కోసం నేను మళ్ళీ మళ్ళీ అలాంటి ఇళ్ళకే వెళ్తాను.

తలుపు బిగుసుకుంటే చెక్క చెమ్మకి ఉబ్బిందన్నమాట. భుజంతో తోయకండి, గడియ వైపు కొద్దిగా పైకెత్తి లాగండి.

పడుకునే ముందు

పాత ఇంటిని ప్రేమించేవాళ్ళు కూడా ఈ పని మానకూడదు. చెక్క మెట్లు, చెక్క నేల ఉన్న ఇంట్లో నిప్పు వేగంగా పాకుతుంది. కప్పుకి స్మోక్ అలారం ఉందో లేదో చూడండి. గది తలుపు నుంచి వీధి దాకా ఒకసారి నడిచి, ఎన్ని తలుపులు, ఎన్ని మలుపులు ఉన్నాయో లెక్కపెట్టండి. రాత్రి ఆ వీధి తలుపుకి తాళం వేస్తే, లోపలినుంచి తాళంచెవి లేకుండా తెరుచుకుంటుందా అని అడగండి. తెరుచుకోదంటే తాళంచెవి ఎక్కడుంటుందో చూపించమనండి. చూపించలేకపోతే నేనైతే ఆ ఇంట్లో పడుకోను. కొవ్వొత్తులు, సొంత హీటర్లు, ఒకే ప్లగ్గుకి మూడు ఛార్జర్లు ఇలాంటి ఇళ్ళలో వద్దు.

ఈ వారం అభ్యాసం

మీకు నచ్చిన ఏదైనా సముద్రతీర పట్టణంలో ఒక పాత గెస్ట్‌హౌస్ బయటి ఫొటో తీసుకోండి. లోపలి ఫొటోలు చూడకుండా కిటికీల ఎత్తు కొలిచి, ఏ అంతస్తు గది పెద్దదో, ఏది చిన్నదో, సముద్రం ఏ వైపో కాగితం మీద రాయండి. తర్వాత లోపలి ఫొటోలు తెరిచి సరిచూసుకోండి. మూడు ఇళ్ళకి ఇలా చేయండి. రెండో పని మీ సొంత గదిలోనే. ఒక రాత్రి ఒక కిటికీ, మరో రాత్రి ఎదురెదురుగా ఉన్న రెండూ తెరిచి పడుకుని, ఏ రాత్రి బాగా నిద్ర పట్టిందో రాసుకోండి.

4వ పాఠంలో పొద్దున్నే అందరూ కలిసి కూర్చునే భోజనాల బల్ల దగ్గరికి వెళ్దాం. ఇంటివాళ్ళతో మాట కలిపి, ఆ ఇంటి కథ చెప్పించుకోవడం ఎలాగో అక్కడ నేర్చుకుందాం. ఒక నోటుపుస్తకం తెచ్చుకోండి.